ఎర్రగడ్డ వేరులో లేని చుక్కలు

నా డిగ్రీ బోటనీ రికార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నాలుగు ఇళ్లు మారాను. మారిన ప్రతిసారీ సామాన్లు సర్దడానికి వచ్చినవాళ్లు దాన్ని పాత పేపర్ల కట్టలో వేయబోయారు, నేను లాక్కున్నాను. అట్ట ఊడిపోయింది, కుట్టు వదిలింది. పదకొండో ప్రయోగం పేజీలో నేను గీసిన బొమ్మ కింద ఎర్ర సిరాతో ఒక మాట ఉంది. 'అసంపూర్ణం.' రాసింది మా బోటనీ సారు. ఆ సిరా కాస్త వెలిసింది. నా కోపం వెలవలేదు.

"ఇన్నేండ్లయింది, ఇంకా ఎందుకు?" అని మా ఇంట్లోవాళ్లే అంటారు. రికార్డు పుస్తకం ఉన్నదే జరిగింది రాసిపెట్టుకోవడానికి. నేను రాసిపెట్టుకున్నాను, అంతే.

తొంభైల నడుమ నేను తిరుపతిలో చదివాను. మా ఊరు కార్వేటినగరానికి అవతల, చెరుకు తోటల మధ్య ఉంటుంది. పొద్దున ఏడింటి బస్సు ఎక్కి, పుత్తూరులో మారి, కాలేజీకి చేరేసరికి పది. క్లాసులో తెలుగు మీడియం వాళ్లం వెనక రెండు బెంచీల్లో కూర్చునేవాళ్లం. ముందు బెంచీల వాళ్లు 'సెల్' అనేవాళ్లు, మేము 'కణం' అనేవాళ్లం. సారు పాఠం చెప్పేటప్పుడు వాళ్ల వైపు చూసేవాడు. అల్లరి ఎవరిదో తెలియనప్పుడు మా వైపు చూసేవాడు.

మొదటి ఏడాది మొదటి ప్రయోగం ఎర్రగడ్డ పొర, అంటే ఉల్లిపొర. గడ్డ లోపలి పొరను సన్నగా ఒలిచి, గాజుపలక మీద పరిచి, ఎర్ర రంగు బొట్టు వేసి, పైన పలచటి గాజుబిళ్ల మూసి మైక్రోస్కోపులో చూడాలి. అప్పటిదాకా మైక్రోస్కోపును పుస్తకంలో బొమ్మగానే చూశాను. కన్ను ఆనించి చక్రం తిప్పితే, మసకలోంచి ఇటుకల గోడ లేచి వచ్చింది. ఒక్కో ఇటుక ఒక్కో కణం. ఒక్కోదాంట్లో ఒక ఎర్రని మచ్చ, కేంద్రకం. దినమూ మా అమ్మ కత్తిపీట ముందు కూర్చుని కోసే గడ్డలో ఇంత కట్టడం ఉందని ఎవరూ నాకు చెప్పలేదు. ఆ గోడ పక్కనే మరొకటి కనిపించింది. పెద్దది, గుండ్రంగా, నల్లటి మందపు అంచుతో, లోపల తేటగా. అన్నిటికన్నా అదే బాగుంది. దాన్నే పేజీ నడుమ పెద్దగా గీశాను.

సారు నా రికార్డు తీసుకొని అందరికీ కనిపించేలా పైకెత్తాడు.

"చూడండి! ఈ అమ్మాయి కొత్త కణం కనిపెట్టింది. దీంట్లో కేంద్రకం లేదు, కణద్రవ్యం లేదు, అసలేమీ లేదు. ఏంటో తెలుసా? గాలిబుడగ!"

ల్యాబంతా నవ్వింది. ఆ దినం నుంచి నా పేరు బుడగ. క్యాంటీన్లో బుడగ, బస్టాండులో బుడగ. "ఏమ్మే బుడగా, బస్సు పోయిందా?" అని మా బెంచీలో పిల్లలే పిలిచేవాళ్లు.

అది గాలిబుడగే. ఆ విషయంలో సారుది తప్పు లేదు, ఒప్పుకుంటున్నాను. కానీ దగ్గరికి పిలిచి చెప్పొచ్చు. పైకెత్తి చూపాల్సిన పని లేదు.

గాజుబిళ్లను సూదితో ఏటవాలుగా దించితే బుడగలు రావని నాకు చేసి చూపింది ల్యాబు అటెండరు. తిరుపతిలోనే పుట్టిపెరిగిన ముసలాయన. అందరం భాయి అనేవాళ్లం, ఆయన ఆడపిల్లలందరినీ బేటీ అనేవాడు. ఆ సాయంత్రమే నాకు నేను ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. గాజుపలకను జరిపి చూడాలి, చక్రం పైకీ కిందికీ తిప్పి చూడాలి, మూడుసార్లు అక్కడే కనిపిస్తేనే గీయాలి.

రెండో ఏడాది ఆ కట్టుబాటే నాకు చిక్కు తెచ్చిపెట్టింది.

పదకొండో ప్రయోగం కణవిభజన, అంటే ఒక కణం రెండు కావడం. ఎర్రగడ్డను నీళ్ల మీద పెడితే వేర్లు దిగుతాయి. వేరు కొనలో కణాలు తెగ విభజన చెందుతుంటాయి కాబట్టి ఆ కొనను కోసి, రంగు వేసి, నలిపి చూడాలి. మా ప్రాక్టికల్ మధ్యాహ్నం రెండింటికి. భాయి కొనలు కోసి ఇచ్చాడు. నలభై మందిమి నలిపాం, చూశాం. అన్నీ ఊరకే ఉన్న కణాలు. గుండ్రటి కేంద్రకాలు తప్ప ఇంకేమీ లేదు.

ఎవరూ బాధపడలేదు. ఆ ప్రయోగంలో ఎవరికీ ఏమీ కనిపించదని అందరికీ ముందే తెలుసు. సారు బీరువా తెరిచి, గోధుమరంగు అట్ట వేసిన ఒక పాత రికార్డు బయటికి తీశాడు. ఎప్పుడో చదివిన ఒక మంచి విద్యార్థిది. దాన్ని మేము మూలరికార్డు అనేవాళ్లం. ఏటా అందరూ దాంట్లో చూసే బొమ్మలు దించేవాళ్లు. చాలా అందమైన బొమ్మలు, అందులో సందేహం లేదు. కణం నడుమ వరసగా క్రోమోజోములు, రెండు కొసల నుంచి వాటికి సన్నని పోగులు. ఒక్కో కొసన రెండేసి చుక్కలు, చుట్టూ చిన్న సూర్యుడిలా గీతలు.

ఆ చుక్కలను సెంట్రియోల్స్ అంటారు. జంతుకణాల్లో ఉంటాయి. ఎర్రగడ్డలాంటి మొక్కల్లో ఉండవు. ఈ మాట మా సారే నెల ముందు నోట్సులో చెప్పాడు, నేను గీత కూడా గీసి పెట్టుకున్నాను.

లేచి అడిగాను. "సార్, మొక్కకణంలో సెంట్రియోల్ ఉండదని రాయించారు కదా సార్. ఈడ ఉండాదే?"

"థియరీ థియరీ, రికార్డు రికార్డు. గీయమ్మా."

"నేను చూసి గీస్తాను సార్."

"ఎప్పుడు చూస్తావు?"

"కనిపించినప్పుడు సార్."

వెనక నుంచి ఎవరో "బుడగ పేలింది" అన్నారు. సారు కూడా నవ్వాడు.

అందరూ పోయాక భాయి గాజుపలకలు కడుగుతూ నాతో అన్నాడు. "వేరు పొద్దున కోయాల బేటీ. ఎనిమిది, తొమ్మిది గంటలకు అది మంచి పని మీద ఉంటాది. మనం రెండింటికి కోస్తే యాడ దొరుకుతాది? పాత సారు ఉన్నప్పుడు పొద్దున్నే కోయించేవాడు."

"మరి ఈ సారుకు చెప్పలేదా?"

"అటెండరు చెప్తే సారు వినేటట్టుంటే, నేను సారు, ఆయన అటెండరు అయ్యుంటాం."

ఒక చిన్న సీసాలో ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం, మూడు పాళ్లు స్పిరిటు కలిపి ఇచ్చాడు. కోసిన కొన అందులో పడిందంటే లోపలి కణం ఏ పనిలో ఉంటే ఆ పనిలోనే నిలిచిపోతుందని చెప్పాడు. ఇంట్లో వేర్లు పెంచి, పొద్దున కోసి, సీసాలో వేసుకొని రమ్మన్నాడు.

అది పెరటాసి నెల, కొండ మీది స్వామి నెల. మా వైపు ఆ నెలంతా ఇంట్లో నీచు వండరు. మా అవ్వయితే ఎర్రగడ్డ, తెల్లగడ్డ కూడా ఇంట్లోకి రానిచ్చేది కాదు. నేను గ్లాసు నీళ్ల మీద ఎర్రగడ్డ పెట్టడం చూసి ఆమె వాకిట్లో కూర్చుండిపోయింది.

"అదన్నా లోపలుండాల, నేనన్నా ఉండాల."

"తినేదానికి కాదవ్వా, సదువుకు."

"సదువు ఏడాదంతా ఉంటాది. పెరటాసి ఒక నెలే."

మా నాయన గ్లాసు తీసుకెళ్లి ఎద్దుల కొట్టంలో గోడ గూట్లో పెట్టాడు. ఎద్దుల పక్కన, పలుపుతాళ్ల కింద, నా ఎర్రగడ్డకు నాలుగు దినాల్లో తెల్లటి వేర్లు దిగాయి. దిగింది సరిగ్గా శనివారానికి. ఏడుకు బస్సు. ఏడుకు ముందు కోస్తే మరీ తొందర, కాలేజీలో కోస్తే ఆలస్యం. కాబట్టి గ్లాసుతో సహా బస్సెక్కాను.

పెరటాసి శనివారం తిరుపతి దారిన పోయే బస్సు ఎట్లా ఉంటుందో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. పసుపు గుడ్డలు, నామాలు, గోవిందలు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా చేతిలోని గ్లాసు చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏం పాపా, కొండకు పోయేవాళ్ల మధ్యన ఎర్రగడ్డ పెట్టుకోని కూసుంటివే?"

"నేను కొండకు కాదవ్వా. కాలేజీకి."

"కాలేజీలో ఎర్రగడ్డలు తినేది నేర్పిస్తారా?"

బస్సంతా నవ్వింది. కండక్టరు వచ్చి, "గ్లాసుకు టికెట్టు లేదు గానీ, నీళ్లు పడితే నువ్వే తుడవాల" అన్నాడు. నేను గ్లాసు ఒళ్లో పెట్టుకొని, బస్సు కుదిపినప్పుడల్లా రెండు చేతులా మూసుకొని కూర్చున్నాను. మళ్లీ గోవిందలు అందుకున్నారు. అనకపోతే బాగుండదని నేనూ అన్నాను.

పుత్తూరు బస్టాండులో ఎనిమిదిన్నర. సిమెంటు బల్ల మీద గ్లాసు పెట్టి, బ్లేడుతో గోరంత గోరంత వేరుకొనలు కోసి సీసాలో వేశాను. చుట్టూ జనం గుమిగూడి మందు చేస్తున్నాననుకున్నారు. ఒకాయన మోకాళ్ల నొప్పులకు పనికొస్తుందా అని కూడా అడిగాడు.

కొనలు ఆ ద్రవంలో ఒక దినమైనా నానాలి. సోమవారం భోజనం గంటలో భాయి ల్యాబు తాళం తీశాడు. కొనను ఆమ్లంలో కాస్త వెచ్చబెట్టి మెత్తపరిచాను. ఎర్ర రంగులో ఉంచి, చివర ముదురుగా రంగెక్కిన ముక్కను మాత్రం గాజుపలక మీద పెట్టాను. బిళ్లను ఏటవాలుగా దించి, పైన వడపోత కాగితం మడిచి, బొటనవేలితో నిట్టనిలువుగా నొక్కాను. వేలు పక్కకు జరిగిందంటే కణాలన్నీ చుట్టుకుపోయి చెడతాయి. నా వేలు జరగలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఆ వేలిని చూసుకుంటాను.

మొదట మామూలు కణాలే. పలకను జరిపాను. ఒక కణంలో కేంద్రకం లేదు, దాని చోట చిక్కుపడిన దారపు ఉండ. పక్కదాంట్లో ఆ దారాలు పొట్టిగా, లావుగా తయారై నడుమకు వచ్చి వరసలో నిలబడ్డాయి. ఇంకోదాంట్లో రెండుగా చీలి, రెండు కొసలకు లాగినట్టు, నడుములు వంగి పోతున్నాయి. మరొకదాంట్లో ఇటొక ఉండ, అటొక ఉండ, మధ్యన కొత్త గోడ పడుతోంది. లెక్కపెట్టాను. ఎర్రగడ్డకు క్రోమోజోములు పదహారు. నాకు రెండుసార్లు పదహారు, ఒకసారి పదిహేను వచ్చాయి.

కొసల్లో చుక్కలు వెతికాను. చక్రం తిప్పాను, పలక జరిపాను, వెలుతురు తగ్గించాను, పెంచాను. మూడు కాదు, ముప్పై కణాలు చూశాను. లేవు.

భాయి కూడా కన్ను పెట్టి చూసి, "సుభానల్లా" అని మెల్లగా అన్నాడు. అంతకాలం ఆ ల్యాబులో పనిచేసి, అటువంటి గాజుపలక చూసి చాలా ఏండ్లయిందన్నాడు. నేను చూసింది చూసినట్టు గీశాను. నా బొమ్మ మూలరికార్డంత నున్నగా లేదు. ఒక కణం వంకర, దాన్ని వంకరగానే గీశాను.

ఆ మధ్యాహ్నమే సారు ఆ పేజీని చూశాడు. "కొసల్లో చుక్కలేవి?"

"లేవు సార్. వేర్లు పొద్దున కోసి చూశాను. మీరూ ఒక్కసారి చూడండి సార్, పలక తడిగానే ఉంది."

"ఇన్నేళ్లుగా అందరికీ కనిపించింది నీకు కనిపించలేదా? గాలిబుడగ మాత్రం కనిపిస్తుంది!" అని జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. మైక్రోస్కోపు ఆయన మోచేతికి జానెడు దూరంలో ఉంది. కన్ను పెట్టలేదు. 'అసంపూర్ణం' అని రాసి, "చుక్కలు పెట్టి తీసుకురా, సంతకం పెడతా" అన్నాడు.

నాలుగు చుక్కలు. పెన్సిల్ ఆనిస్తే అయిపోయే పని. మా బెంచీలో పిల్లలంతా అదే చెప్పారు. పెట్టేసి సంతకం అయినాక రబ్బరుతో తుడిచెయ్యమని ఒక పిల్ల సలహా కూడా ఇచ్చింది. నేను పెట్టలేదు. దసరా పోయింది, దీపావళి పోయింది. ప్రతి ప్రాక్టికల్ దినం రికార్డు చూపేదాన్ని. "పెట్టావా?" "లేదు సార్." "అయితే తీసుకెళ్లు." రికార్డు మొదట్లో సర్టిఫికెట్టు పేజీ ఉంటుంది. దాని మీద సారు సంతకం లేకుంటే ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వరు. పరీక్ష లేకుంటే ఆ ఏడాది పోయినట్టే. ఏడాది పోతే నన్ను చదువు మాన్పించాలని మా చిన్నాయనలు అప్పటికే అవ్వతో అంటున్నారు.

ఫిబ్రవరిలో చెరుకు గానుగ పని ఆపుకొని మా నాయన కాలేజీకి వచ్చాడు. నా పక్షాన గట్టిగా మాట్లాడతాడనుకున్నాను. సారు ముందు నిలబడి, కండువా భుజం మీంచి తీసి చేతిలో పట్టుకొని, "మొండిది సారూ, సిన్నప్పట్నుంచీ అంతే. మీరే పెద్దమనసు సేసుకోవాల" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అదీ రాసిపెట్టుకున్నాను.

సారు రికార్డు అందుకొని మొదటి పేజీ తిప్పాడు. చివరికి చేసిన ప్రయోగాల లెక్కలో ఆ ఒక్కటి తగ్గించి రాసి, సర్టిఫికెట్టు పేజీ మీద సంతకం పెట్టాడు. పదకొండో పేజీ మీద పెట్టలేదు.

బయటికి వస్తుంటే నాయన, "ఇంతకీ ఏందది, నాకూ సూపీ" అన్నాడు. మిగిలిన వేరుకొనలను భాయి ఆ సోమవారమే స్పిరిటులో వేసి బీరువాలో భద్రంగా ఉంచాడు. ఒకటి తీసి నలిపి చూపాను. నాయన ఒక కన్ను చేత్తో మూసుకొని, రెండో కన్ను ఆనించాడు. ఎంతసేపటికీ తీయడు.

"కదల్లేదే?"

"అవి ఆ పొద్దుకు ఎట్లుండినాయో అట్లే నిలబడిపోయినాయి నాయనా. ఆ దారాలుండాయి సూడు, ఒక్కోటి నిలువునా చీలి రెండవుతాది. ఈ పక్కకు ఎన్నో ఆ పక్కకు అన్నే."

"ఒగటి కూడా ఎచ్చుతక్కువ రాదా?"

"రాదు."

"పెద్దమనుషులు ల్యాకుండానే?" అన్నాడు. "మేము ముగ్గురు అన్నదమ్ములం బావి నీళ్లు పంచుకునేదానికి పన్నెండేండ్లు పట్టె గదమ్మా!"

భాయి పగలబడి నవ్వాడు. నాయన మళ్లీ కన్ను పెట్టి, "ఆ సారు సెప్పిన సుక్కలు యాడ?" అని చాలాసేపు వెతికాడు. "లేవే," అన్నాడు చివరికి. బస్సులో పోతూ పోతూ, నేను అడక్కుండానే, "లేవు" అని ఇంకొకసారి అన్నాడు. దాన్నీ రాసిపెట్టుకున్నాను.

మార్చిలో పరీక్ష. పరీక్షించడానికి చిత్తూరు నుంచి ఒక మేడం వచ్చింది. రికార్డులు దొంతరగా ఆమె ముందు ఉన్నాయి. అన్నిటినీ గబగబా తిప్పుతోంది. నా దాంట్లో ఎర్ర సిరా దగ్గర ఆగింది.

"ఇదెవరిది? ఏంటి అసంపూర్ణం?"

నిలబడ్డాను. సారు ఆమె పక్కనే ఉన్నాడు. "చుక్కలు పెట్టలేదని మేడం. ధ్రువాల దగ్గర సెంట్రియోల్స్ గీయలేదని."

ఆమె సారు వైపు తిరిగింది. "ఎర్రగడ్డలోనా సార్?"

"అదీ... మూలంలో..." అన్నాడు సారు.

"ఈ బొమ్మ నువ్వు చూసే గీశావా?" అని నన్ను అడిగింది.

"చూసే గీశాను మేడం."

"ఇప్పుడు చూపించగలవా?"

నేను అడక్కముందే భాయి సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. అడుగున ఇంకా మూడు కొనలున్నాయి, పెరటాసి శనివారం పుత్తూరు బస్టాండులో కోసినవి. వెచ్చబెట్టాను, రంగు వేశాను, బిళ్ల దించాను. పైన కాగితం మడిచి బొటనవేలితో నొక్కాను. ఈసారీ వేలు జరగలేదు.

మేడం చూసింది. పలకను తనే జరుపుకుంటూ, చాలాసేపు చూసింది. "మా కాలేజీలో కూడా ఇంత బాగా రాదు," అంది. ల్యాబులో నలభై మంది విన్నారు. తర్వాత లేచి, కుర్చీ జరిపి, "మీరూ చూడండి సార్" అంది.

సారు కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకొని వంగాడు. ఆయన మైక్రోస్కోపుకు కన్ను ఆనించడం నేను చూసింది అదే మొదటిసారి. ఆయన వేళ్లు చక్రాన్ని కొంచెం అటూ, కొంచెం ఇటూ తిప్పాయి. వెతుకుతున్నాడని నాకు తెలుసు. నేనూ అట్లాగే వెతికాను.

లేచి, "ఫోకస్ బాగుంది" అన్నాడు.

అంతే. జేబులోంచి నీలం పెన్ను తీసి ఆ ఎర్ర మాట కింద సంతకం పెట్టాడు. దాన్ని కొట్టేయలేదు.

"సార్, పైన ఆ మాట..."

"సంతకం పెట్టాను కదమ్మా."

మార్కులు బాగానే వచ్చాయి. పాసయ్యాను, ఆ తర్వాతా చదివాను. ఇప్పుడు నేనూ పిల్లలకు బోటనీ చెప్తాను. మా ల్యాబు బీరువాలో పాత రికార్డు ఒక్కటి కూడా ఉండదు. వేరుకొనల ప్రయోగం ఉన్న దినం పిల్లలను ఎనిమిదిన్నరకే రమ్మంటాను. తిట్టుకుంటూ వస్తారు. తిట్టుకోనీ.

డిగ్రీ అయిపోయిన మరుసటి ఏడాది పట్టా తెచ్చుకోవడానికి కాలేజీకి పోయాను. సారు క్లాసులో ఉన్నాడు. ల్యాబులో భాయి ఒక్కడే ఉన్నాడు. మూలరికార్డు ఒకసారి చూపమని అడిగాను. ఆయన నా ముఖం చూసి బీరువా తెరిచాడు.

కణవిభజన పేజీ తీశాను. కొసల్లో చుక్కలు లేవు. సూర్యుడిలాంటి గీతలూ లేవు. అవి ఉన్నచోట కాగితాన్ని ఎవరో బ్లేడుతో ఓపికగా గీకారు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఆ చోట్లు పలచబడి, అవతల నా వేళ్లు ఎర్రగా కనిపించాయి.

"ఎవరు గీకినారు భాయి?"

"నాకేం తెలుసు బేటీ? ఆ బీరువా తాళం రెండే. ఒకటి నా దగ్గర, ఒకటి సారు దగ్గర. నాకు చెయ్యి వణుకుతాది, ఇంత బాగా గీకలేను."

రికార్డు మూసి ఇచ్చేశాను. మెట్లు దిగుతుంటే క్లాసులోంచి సారు గొంతు వినబడింది. లోపలికి తొంగిచూడలేదు. ఆయన మూలరికార్డులో చుక్కలను గీకుకున్నాడు, నా పేజీలో మాటను అట్లాగే వదిలేశాడు. నా దగ్గరా బ్లేడు ఉంది. దాన్ని గీకాల్సింది నేను కాదు కాబట్టి అది అట్లాగే ఉంది. దాని పైన నా బొమ్మ, చుక్కలు లేకుండా, ఆ వంకర కణంతో సహా.